బోరునీటికి చట్టపు కాపు

రైతు సోదరులలో పలువురికి అశోక్‌నగర్ పరిచయమైన పేటయే. గ్రూపు పరీక్షలకు చదువుకొను పల్లెల పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఉందురు. చిక్కడపల్లి గ్రంథాలయములో కూర్చుండి చదువుకొందురు. మీ బిడ్డను చూడవచ్చినపుడు ఆ పేట ప్రక్కగా పారు నాలాను కూడ ఒకసారి చూడుడు. అది హుస్సేన్‌సాగరు అలుగు కాలువ. కుతుబ్‌షాహీల కాలమున, 16వ శతాబ్దిలో కట్టిన చెరువు నీరు పారవలసిన ఆ కాలువలో నేడు పారునది చాలవరకు మురుగే. 2000 ఆగస్టులో కుంభవృష్టి కురిసినపుడు నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ ఇండ్లలో ప్రవేశించినది. అట్టి వరదలో మూతి సరిగా బిగించని బోరు మునిగినచో మురుగు తిన్నగా లోనికి దిగును.

ఇది పట్నవాసుల గొడవ అని తలచరాదు. ఈ నాలా మూసీలో కలియును. దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారము వైపు ఆ మూసీ నీటితోనే వరి, పశుగ్రాసము పండించిరి.

చిక్కడపల్లి, నారాయణగూడల క్రింద ఉన్నది గ్రానైటు రాయి. తెలంగాణ పల్లెలలో అధిక భాగము క్రింద కూడ అదియే. ఇసుక నేల మురుగును కొంత వడబోయును గాని, రాతి నెఱ్ఱెలు అంతగా వడబోయవు. ఒకచోట దిగిన మురుగు నెఱ్ఱె వెంట పోయి ఏ బోరులో తేలునో పైనుండి చూచి చెప్పుట కష్టము.

చట్టము లేక కాదు. 1974 నాటి కేంద్ర జల కాలుష్య నివారణ చట్టము నదులనే కాక భూమి లోపలి నీటిని కూడ లెక్కలోనికి తీసుకొన్నది. బావిలోనికి విషపదార్థము వదలుట నేరమన్నది. తరువాత 2002లో మన రాష్ట్రమున వాల్టా చట్టము వచ్చినది. ఏ విధమైన వ్యర్థముతోను భూగర్భ జలము చెడకుండ చూడవలెనని, మురుగునీటిని నేరుగా భూగర్భ జలపు పొరలలోనికి దింపరాదని అందున్నది. ఎండిన బోరు ఊరకే ఉన్నదిగదా అని ఇంటి మురుగును అందులోనికి మళ్లించువాడు ఈ చట్టమును దాటినవాడే. పల్లెలో చేసినను అంతే.

అయినను కాగితము మీది చట్టము తనంతట తాను బావిని కాపాడదు. పటాన్‌చెరు వద్ద ఏమైనది? 1974 చట్టము ఉండగనే ఫ్యాక్టరీల వ్యర్థజలము నక్కవాగులో పడి, చుట్టుపట్ల గ్రామముల బావులు, పొలములు చెడినవి. 1990లో వ్యవహారము సుప్రీంకోర్టుకు ఎక్కవలసి వచ్చినది. మొదటి బావి రంగు మారిననాడే గ్రామోద్యోగి వ్రాతపూర్వకముగా తెలిపి, పై అధికారి కదలియుండిన, ఆ కథ వేరుగా ఉండెడిదేమో!

ఇక మన ఇంటి సంగతి. మరుగుదొడ్డి ఇంకుడు గుంతకు, త్రాగునీటి బావికి నడుమ కనీసము 50 అడుగులు ఉండనిండు. వాననీటి ఇంకుడు గుంతలోనికి స్నానపు నీటిని, గేదెల కొట్టపు నీటిని మళ్లింపవద్దు. పురుగుమందు డబ్బాలను బావి గట్టున కడుగవద్దు. బోరు గొట్టమును నేలకు పైన నిలిపి, చుట్టును సిమెంటు గచ్చు చేయించుడు. యూరియాను ఒక్కసారే కుమ్మరింపక విడతలుగా వేయుడు. పైరు తీసుకొనగా మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి నీటిలోనికి దిగును. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీరు పసికందుల నెత్తురునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. కాచిన చాలునని తల్లులు అనుకొందురు. కాచినచో నైట్రేటు పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కనగును.

నీటిపై అనుమానము కలిగినచో మోటారును కొంతసేపు నడిపి, శుభ్రమైన సీసాను ఆ నీటితోనే తొలిచి నింపుడు. దానిపై సర్వే నంబరు, తేదీ, బోరు లోతు వ్రాసి ఆలస్యము చేయక పరీక్షకు పంపుడు. మురుగు ఎచటనుండి వచ్చుచున్నదో తెలిసినచో, ఆ చోటును గుర్తించి తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇచ్చి రశీదు తీసుకొనుడు.