నిమిషానికి 11,000 చుట్లు

1922లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆకర్‌మన్, ష్మిట్ అనే ఇద్దరు కలిసి చేతితో పట్టుకునే గ్రైండర్లు తయారుచేసే కంపెనీ పెట్టారు. వాళ్ల తొలి మెషీన్‌లో మోటారు ఒకచోట, అరగదీసే రాయి మరోచోట ఉండేవి. రెంటినీ కలిపేది వంగే ఇరుసు. మోటారు బరువు చేతిమీద పడేది కాదు కానీ, ఎక్కడికి వెళ్లినా ఆ ఇరుసును వెంట ఈడ్చుకుపోవాల్సి వచ్చేది. 1954లో అదే కంపెనీ వేగంగా తిరిగే యాంగిల్ గ్రైండర్‌ను తెచ్చింది. మోటారు పిడిలోకే వచ్చేసింది. కొసన ఉన్న పళ్లచక్రాల జత ఆ తిరుగుడును తొంభై డిగ్రీలు మళ్లించి వీల్‌కు అందిస్తుంది. మన ఊళ్ల వెల్డింగ్ షాపుల్లో గీమని అరిచేది ఈ మెషీనే.

అయితే ఇనుమును కోసేది మోటారు కాదు, దానికి బిగించిన కటింగ్ వీల్. మందం ఒక మిల్లీమీటరు. అల్యూమినియం ఆక్సైడ్ రేణువులను బేక్‌లైట్ జాతికి చెందిన రెజిన్‌తో అంటించి, మధ్యలో గాజునార గుడ్డ పరిచి, కాల్చి గట్టిపరుస్తారు. మొద్దుబారిన రేణువు విరిగి రాలిపోతుంది, దాని వెనక పదునైన కొత్త రేణువు బయటపడుతుంది. తనను తాను అరగదీసుకుంటూనే కోస్తుంది కాబట్టి దీనికి సానపట్టే పని లేదు. 125 మిల్లీమీటర్ల వీల్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మన రైళ్లేవీ అంత వేగంగా పరుగెత్తవు. ఆ వేగంలో వీల్ పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. వీల్‌ను కప్పి ఉంచే గార్డు ఉన్నది అందుకే. దాన్ని ఊడదీసి పనిచేయడం నా దృష్టిలో సగం మెషీన్‌ను పారేయడమే. ఇంకోమాట, వీల్ మధ్య రంధ్రం చుట్టూ ఉండే రేకు రింగు మీద గడువు తేదీ అచ్చువేసి ఉంటుంది. తేమకు రెజిన్ బలం తగ్గుతుంది, అందుకే ఆ తేదీ.

ఫ్యాక్టరీ కోసం పుట్టిన ఈ మెషీన్ ఇళ్లలోకీ వచ్చింది. చలిదేశాల్లో పాత ఇంటిని బాగుచేసుకునేవాళ్లు, వేడినీళ్లు తిరిగే పాత ఉక్కు పైపులను కోయడానికి దీన్నే అందుకుంటారు. కానీ ఇల్లు ఫ్యాక్టరీ కాదు. ఎగిరే రవ్వ గాలిలో మండుతున్న ఇనుప రజను. ఆ నీళ్లతో గదిని వేడిచేసే రేడియేటర్ ఎక్కువగా కిటికీ కిందే ఉంటుంది కనుక ఆ రజను అద్దాన్ని తాకి, కరిగి, అందులోనే దిగబడిపోతుంది. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది, ఎంత తుడిచినా పోదు. బాత్‌టబ్ మీద పడితే కొన్నాళ్లకు తుప్పు చుక్కలు తేలతాయి. అసలు భయం గోడ సందులో పడ్డ రవ్వతోనే. చెక్కపొట్టులోనో పాత దుమ్ములోనో కనపడకుండా రాజుకుని, మనిషి వెళ్లిపోయాక మంటవుతుంది. పని అయ్యాక కూడా చాలాసేపు కాపలా ఉండాలి, నీళ్ల బకెట్ పక్కనే పెట్టుకోవాలి.

పాత పైపుల మీద సున్నం పూతలా కనిపించే చుట్టు ఆస్‌బెస్టాస్ కావచ్చు. జర్మనీ దాన్ని 1993లో, బ్రిటన్ 1999లో పూర్తిగా నిషేధించాయి కానీ, అంతకుముందు చుట్టింది చుట్టినట్టే ఇళ్లలో ఉండిపోయింది. గ్రైండర్ పెడితే దాని హానికరమైన నారలు ఇల్లంతా పరుచుకుంటాయి. అనుమానం వస్తే పరీక్ష చేయించేదాకా అసలు ముట్టుకోకూడదు.

కోసేముందు పైపు ఎక్కడినుంచి వస్తుందో, ఏ రేడియేటర్‌కు వెళుతుందో చివరిదాకా వెంబడి చూడాలి, ఎందుకంటే గ్యాస్ పైపూ అలాంటి ఉక్కుదే. బాయిలర్ ఆపి, చల్లారాక నీళ్లు వదలాలి. వదిలినా వంపుల్లో నల్లటి నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ నలుపు లోపల ఇనుము మెల్లగా తినుకుపోగా వచ్చిన మాగ్నటైట్. కరెంటుతో నడిచే మెషీన్ మీద ఆ నీళ్లు కారితే షాక్ కొట్టే ప్రమాదముంది.

అందుకే ఇంట్లో నేను ముందు చెప్పేది పైపు కట్టర్. గట్టి ఉక్కు చక్రాన్ని పైపు చుట్టూ తిప్పుతూ కొద్దికొద్దిగా మర బిగిస్తే గాటు లోతవుతుంది. రవ్వలు రావు, చప్పుడుండదు. తిప్పే జాగా లేకపోతే హాక్సా బ్లేడు, లేదా ముందుకూ వెనక్కూ ఆడే కరెంటు రంపం. అమెరికాలో మిల్వాకీ కంపెనీ 1951లోనే అలాంటి రంపాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇవేవీ సాగని చోటే గ్రైండర్. అప్పుడైనా కోసే చోటుకు రెండువైపులా పైపుకు ఆధారం ఇవ్వాలి. లేకుంటే తెగుతుండగా పైపు వాలి, గాటు మూసుకుని వీల్‌ను పట్టేస్తుంది. మెషీన్ ఒక్కసారిగా మనిషి మీదికి తంతుంది. రెండు చేతులతో రెండు పిడులూ పట్టుకుని, గాటుకు నేరుగా కాకుండా పక్కకు నిలబడి కోయాలి. స్విచ్ కట్టేశాక కూడా వీల్ కాసేపు తిరుగుతుంది, అది పూర్తిగా ఆగాకే కింద పెట్టాలి.