చేతిఫోనులో కొనుగోలు - కొనువారి విలువలు

చీరలు, చెప్పులు, విత్తనములు సైతము చేతిఫోను ద్వారా తెప్పించుకొనువారు నేడు మన గ్రామములలో కనబడుచున్నారు. ఇచ్చట కొనువాడు సరుకును తాకి చూడడు, అమ్మువాని ముఖ మెరుగడు. కనుక అతనిని నడిపించునది ధర యొక్కటియే యని పలువురు తలంతురు. మేమట్లు తలంపము.

పొదుపరియైన ఇల్లాలు నాలుగుచోట్ల ధరలు పోల్చిగాని కొనదు. ముందుగా సొమ్ము చెల్లించుట కిష్టపడనివారు సరుకు ఇల్లు చేరిన పిదపనే చెల్లింతురు. కష్టకాలమున ఖాతా మీద ఉప్పుపప్పు లిచ్చిన ఊరి దుకాణదారుని మరువనివారు, ఫోనులో పది రూపాయలు తక్కువైనను అతనివద్దనే కొందురు. వీరిని చూచి నవ్వువారికి ఆ ఖాతా విలువ తెలియదు కాబోలు!

అయితే మంచి ఉద్దేశము దారి తప్పుటయు కలదు. చేనేతకు చేయూత నీయదలచి ఒకరు ఫోనులో పోచంపల్లి చీరను వెదకిరనుకొందము. ఆ పేరుతోనే యంత్రముపై అచ్చొత్తిన చీరలును తక్కువ ధరకు కనబడవచ్చును. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నేతలో నూలును ముందుగా ముడులు కట్టి రంగులో ముంచి, పిమ్మట నేయుదురు. అందువలన చిత్రము రెండు వైపులను ఒకేవిధముగా కనబడును. అచ్చు గుడ్డ వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. ఫోనులోని బొమ్మ చూపునది ముందువైపే! వెనుకవైపు బొమ్మ నడుగక, 2006లో ప్రవేశపెట్టిన చేనేత గుర్తును చూడక కొన్నచో, నేతగానికి చేరవలసిన కూలి అచ్చు గుడ్డ వర్తకునికి చేరును. గ్రామసభలో ఈ రెండు చీరలను ప్రక్కప్రక్కన పరచి చూపినచో చాలును, ఉపన్యాస మక్కరలేదు.

కొనువారి విలువలను వర్తకులును ఎరుగుదురు. దయగలవాని బిల్లులో అడుగకయే విరాళమును చేర్చుట, బీమా వలదనువానిచేత “నేను రక్షణ లేకనే యుందును” అను మాటను నొక్కించి సిగ్గుపడజేయుట, ఇట్టి పోకడలను కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో వెలువరించిన మార్గదర్శకములు నిషేధించినవి. కావున సొమ్ము చెల్లించుటకు ముందు మొత్తమును మరల చూచుకొనవలెనని పంచాయతీ సభ్యులు గ్రామస్థులకు తెలుపవలెను.

స్వదేశీ వస్తువునే కోరువారికి 2020 నాటి ఇ-కామర్స్ నియమములు తోడ్పడును. సరుకు ఏ దేశమున తయారైనదో అమ్మువారు తెలుపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. అట్లు జరుగనిచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. 2019 చట్టము ననుసరించి, కంపెనీ ఎచ్చట నున్నను, కొనువాడు తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఇందులకు బిల్లును, సరుకు వచ్చిన సంచిని, ఫోనులో చూపిన బొమ్మను భద్రపరచుకొనవలెను.