తడినీటి తుంపర, ఎండుమంటి ధూళి

గడచిన వేసవిలో సంఘము పనిమీద నాంపల్లిలో రైలు దిగి, అబిడ్సులో రెండు దినములు బస చేసితిమి. పెద్ద మేడల మీద గాలిని చల్లబఱచుటకై నీటిని చిమ్ముచున్న యంత్రములను చూచి, మాతో వచ్చిన రైతొకరు "అయ్యా, లీజియను జ్వరమనునది వీనినుండియే పుట్టునా?" యని యడిగిరి. పుట్టవచ్చును, కాని అది మన పెరటి ఎరువుకుప్ప దాక వచ్చునని అతడెఱుగడు.

1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక హోటలులో "లీజియను" అను మాజీ సైనికుల సంఘము సభ జరిపెను. వారిలో 182 మంది జబ్బుపడగా 29 మంది ఊపిరితిత్తుల వాపుచే మరణించిరి. మఱుసటి యేట ఆ క్రిమి దొరకెను. వెచ్చని నిలువనీటిలో అది పెరుగును. సన్నని తుంపరను పీల్చిన వారికి రోగము కలుగునే గాని, రోగినుండి ఇతరులకు సాధారణముగా అంటదు.

ఎవరును అనుమానింపని చోట్లును కలవు. 1989లో అమెరికాలోని బోగలూసా పట్టణమున, అంగడిలో కూరగాయలు వాడకుండ తుంపర చల్లు యంత్రమే రోగము తెచ్చెను. మోటారు అద్దము కడుగుటకు వట్టినీరు పోయు డ్రైవర్లకును అపాయము హెచ్చని ఇంగ్లండులో 2010లో తెలిపిరి.

రైతునకు మఱింత ముఖ్యమైనది మట్టి. 1988–89లో దక్షిణ ఆస్ట్రేలియాలో తోటపని చేయువారికి ఈ జ్వరము రాగా, సంచులలో అమ్ము కుండీమట్టిలో ఈ క్రిమిజాతిలోనిదే "లాంగ్‌బీచి" యను మఱియొకటి కనబడెను. నేడచ్చట సంచులమీదనే హెచ్చరిక ముద్రింతురు. పబ్లిక్ గార్డెన్సు తోటమాలియు, మన నర్సరీ కూలియు చేయు పని ఒక్కటే గదా!

కావున సంచిని గదిలో గాక ఆరుబయట, ముఖమునకు దూరముగా, మెల్లగా తెఱవవలెను. కంపోస్టును కొంచెము తడిపి, ముక్కునకు మాస్కు కట్టి కలుపవలెను. తడిగుడ్డ చాలునని కొందఱందురు గాని మేమొప్పము. చేతులు కడుగక చుట్ట ముట్టింపరాదు. ఎండలో పడియున్న రబ్బరు గొట్టములోని మొదటి నీటిని చిమ్మక నేలమీద పాఱనీయవలెను.

పని చేసిన రెండు మొదలు పది దినములలో జ్వరము, దగ్గు, ఆయాసము, మతిభ్రమ కలిగినచో ఆసుపత్రికి పోవలెను. పొగత్రాగువారు, వృద్ధులు, మధుమేహులు జాగు చేయరాదు. పెన్సిలిను దీనికి పనిచేయదు. అజిత్రోమైసిను, లీవోఫ్లాక్ససిను వంటి మందులు కావలెను. సాధారణపు మూత్రపరీక్షలో మట్టినుండి వచ్చు జాతి కనబడదు, కఫమును పరీక్షింపవలెను. వైద్యుడు అడుగకున్నను "ఎరువు కలిపితిని" అని రోగియే ముందుగా చెప్పవలెను.