ఇంజిన్ ఒకరిది, పందెం మరొకరిది

2017 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్ సర్క్యూట్‌లో మోటో2 పందెం ముగిసేసరికి మొదటి రెండు స్థానాల్లోనూ కేటీఎం బండ్లే ఉన్నాయి. ముందు మిగెల్ ఒలివేరా, ఆ వెనుక బ్రాడ్ బైండర్. ఆ తరగతిలో ఆస్ట్రియా కంపెనీకి అదే తొలి గెలుపు. కానీ గెలిచిన ఆ బండ్లను నడిపించినవి హోండా ఇంజిన్లు.

కేటీఎంకి ఇంజిన్ తయారుచేయడం చేతకాక కాదు. అదే ఏడాది ఆ కంపెనీ తన సొంత వి4 ఇంజిన్‌తో అన్నిటికన్నా పై తరగతి మోటోజీపీలోకి దిగింది. అంతకుముందు ఏడాది చిన్న తరగతి మోటో3లో ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా దాని సొంత ఇంజినే. అలాంటి సంస్థ మరో కంపెనీ ఇంజిన్ చుట్టూ బండి కట్టి, ఖర్చుపెట్టి, ఎందుకు పోటీకి నిలబడింది?

సమాధానానికి ముందు మోటో2 సంగతి కొంత తెలియాలి. 2009 వరకు ఈ మధ్య తరగతిలో 250 సీసీ టూ స్ట్రోక్ బండ్లు పరుగెత్తేవి. రోడ్డు మీద టూ స్ట్రోక్ కాలం చెల్లిపోయింది, కంపెనీలకు ఆసక్తి తగ్గింది, ఖర్చు మాత్రం పెరిగింది. అందుకే 2010లో నిబంధనలు మార్చేశారు. ఇంజిన్ అందరికీ ఒక్కటే: హోండా సీబీఆర్600ఆర్ఆర్ నుంచి తీసుకున్న నాలుగు సిలిండర్ల 600 సీసీ ఇంజిన్. టైర్లూ అందరికీ ఒకే కంపెనీవి. ఫ్రేమ్ మాత్రం ఎవరికి తోచినట్టు వారు కట్టుకోవచ్చు. తొలి ఏడాదే పదికి పైగా రకాల ఫ్రేములు బరిలోకి దిగాయి. జపాన్‌కు చెందిన మొరివాకి బండి మీద టోనీ ఎలియాస్ మొదటి టైటిల్ గెలిచాడు.

ఒక ప్రయోగంలో పది అంశాలు ఒకేసారి మారితే ఏది ఫలితాన్నిచ్చిందో చెప్పలేం. రేసింగ్‌లో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ల్యాప్‌లో అర సెకను కలిసొస్తే అది ఇంజిన్ బలమా, ఫ్రేమ్ గొప్పతనమా, రైడర్ నైపుణ్యమా? ఇంజిన్‌ను, టైర్లను అందరికీ సమానం చేసేస్తే లెక్క తేలిక పడుతుంది. మోటో2 తన నిబంధనలతోనే ఫ్రేములకు ఒక ప్రయోగశాల అయింది.

అసలు ఫ్రేమ్‌లో అంత పరిశోధించడానికి ఏముంది? చాలా ఉంది. బండి నిటారుగా వెళ్తున్నప్పుడు గతుకు తగిలితే దెబ్బ నేరుగా పైకి వస్తుంది, ముందు ఫోర్కులు, వెనుక షాకర్ కుంగి దాన్ని మింగేస్తాయి. మలుపులో బండి 60 డిగ్రీలు ఒరిగినప్పుడు కథ మారిపోతుంది. గతుకు దెబ్బ అప్పుడూ పైకే వస్తుంది కానీ, ఫోర్కులు దాదాపు పడుకుని ఉంటాయి. దెబ్బలో సగం మాత్రమే వాటి దిశలో పనిచేస్తుంది, అంతకన్నా పెద్ద భాగం బండిని అడ్డంగా కుదుపుతుంది. పైగా మలుపు బలం, బరువు కలిసి ఆ వంపులో స్ప్రింగుల మీద రెట్టింపు భారం మోపుతాయి. అవి అప్పటికే బాగా కుంగి ఉంటాయి.

ఆ అడ్డపు కుదుపును ఎవరు భరించాలి? ఫ్రేమే. అది పక్కలకు వెదురు గడలా కాస్త వంగి, మళ్లీ తన ఆకారానికి రావాలి. వంగకపోతే టైరు నేలను వదిలి జారుతుంది, మరీ వంగితే బండి ఊగుతుంది. అదే ఫ్రేమ్ బ్రేకు వేసినప్పుడు మాత్రం నిలువునా గట్టిగా నిలబడాలి. ఒక దిశలో గట్టిదనం, మరో దిశలో మెత్తదనం. దీన్ని సాధించడానికి ఇంజినీర్లు అల్యూమినియం గోడ మందాన్ని మారుస్తారు, ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు బిగించే పట్టీల పొడవు మారుస్తారు. కంప్యూటర్ లెక్కలు దారి చూపిస్తాయి గానీ, ఆఖరి తీర్పు ట్రాక్ మీద రైడర్ దగ్గరే వస్తుంది. అందుకే ఈ విద్య పందేల సంఖ్యతో పాటే పెరుగుతుంది.

కేటీఎం పరీక్షకు పెట్టిందీ ఇదే. మిగతావాళ్లంతా అల్యూమినియం ఫ్రేములు వాడుతుంటే, అది తన అలవాటు ప్రకారం ఉక్కు గొట్టాల అల్లిక ఫ్రేమ్‌తో వచ్చింది. మన ఊళ్లలో డ్యూక్ 390 నడిపేవారికి ఆ నారింజ రంగు గొట్టాలు తెలిసినవే. సస్పెన్షన్ కూడా ఎక్కువమంది నమ్ముకున్న ఓలిన్స్ కాదు, కేటీఎం కుటుంబంలోని డబ్ల్యూపీ. తన మోటోజీపీ బండిలోనూ అప్పట్లో ఇవే ఉండేవి కాబట్టి, అందరితో సమానమైన ఇంజిన్ ఉన్న చోట వాటి సత్తా ఎంతో తేల్చుకోవడం కేటీఎంకి అవసరమైంది. 2017 సీజన్‌లో చివరి మూడు పందేలూ ఒలివేరాయే గెలిచాడు.

ఈ విద్యలో అందరికన్నా ముందున్నది మాత్రం ఇంజినే తయారుచేయని ఒక చిన్న సంస్థ. జర్మనీలోని బవేరియా ప్రాంతంలో 2008లో మొదలైన కాలెక్స్ ఫ్రేముల మీద 2013 నుంచి 2023 వరకు మోటో2 చాంపియన్లందరూ గెలిచారు. ఆ పట్టు ఎంతటిదంటే, మోటోజీపీలో ఇబ్బంది పడుతున్న హోండా 2022లో కాలెక్స్ చేసిన స్వింగార్మ్‌ను (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రాన్ని), 2023లో ఏకంగా కాలెక్స్ ఫ్రేమ్‌నే తన బండికి వాడుకుంది.

2019లో ఇంజిన్ మారింది. హోండా స్థానంలో ట్రయంఫ్ వచ్చింది, స్ట్రీట్ ట్రిపుల్ నుంచి తెచ్చిన మూడు సిలిండర్ల 765 సీసీ ఇంజిన్‌తో. టైటానియం వాల్వులు వేసి, మరింత వేగంగా తిరిగేలా మలిచి, 140 హార్స్‌పవర్‌కు పైగా రాబట్టారు. మోటో2 బండ్లు గంటకు 300 కిలోమీటర్లు దాటడం ఆ ఏడాదే మొదలైంది. మోటోజీపీలో బండే లేని ట్రయంఫ్‌కు ఇది గొప్ప అవకాశం. ఎవరు గెలిచినా గెలిచేది దాని ఇంజినే. రోడ్డు ఇంజిన్ పందెపు ఒత్తిడిని ఎన్ని వేల కిలోమీటర్లు తట్టుకుంటుందో ప్రతి సీజన్‌లోనూ తెలుస్తుంది.

హోండా పేరు మాత్రం గ్రిడ్ నుంచి పోలేదు. హోండా టీమ్ ఏషియా జట్టు ట్రయంఫ్ ఇంజిన్ ఉన్న కాలెక్స్ బండ్లతోనే కొనసాగింది. సొంత మూడు సిలిండర్ల ఇంజిన్లకు పేరున్న ఇటలీ సంస్థ ఎంవీ అగస్టా కూడా 1976 తర్వాత గ్రాండ్ ప్రీకి తిరిగొచ్చింది ఈ తరగతిలోనే, ట్రయంఫ్ ఇంజిన్‌తోనే. అది 2022 తర్వాత ఒక్క గెలుపూ లేకుండా వెళ్లిపోయింది. చరిత్రకున్న విలువ ప్రచారానికి పనికొస్తుంది గానీ మలుపులో పనికిరాదు.

ఇంజిన్ మారడం కేటీఎంనూ దెబ్బతీసింది. ఇంజిన్ ఫ్రేమ్‌లో ఊరికే కూర్చోదు, ఫ్రేమ్ గట్టిదనంలో దానికీ భాగం ఉంటుంది. ఆకారం, బరువు మారితే పాత లెక్కలు పనిచేయవు. 2019 సీజన్ ఆరంభం తడబాటుగా సాగి, ఆగస్టులో కేటీఎం ఆ ఏడాది చివర తన ఫ్రేమ్‌ను ఉపసంహరించుకుంటానని ప్రకటించింది. ఆ తర్వాత బైండర్ ఐదు పందేలు గెలిచి, కేవలం 3 పాయింట్ల తేడాతో టైటిల్ కోల్పోయాడు. అయినా నిర్ణయం మారలేదు.

అయితే అప్పటికే కేటీఎంకి దక్కవలసినది దక్కింది. 2020 ఆగస్టులో కేటీఎంకి తొలి మోటోజీపీ విజయం తెచ్చింది బైండర్. అదే నెలలో మరొకటి అందించింది ఒలివేరా. ఇద్దరూ ఆ మోటో2 బండ్ల మీద రాటుదేలినవారే. సమానమైన ఇంజిన్ ఫ్రేమ్‌తో పాటు రైడర్ బలాబలాలనూ బయటపెడుతుంది. కాబట్టి ఫ్రేమ్ వదులుకున్నా కేటీఎం ఆ తరగతిని వదల్లేదు. కాలెక్స్ బండ్లతో జట్టును కొనసాగించింది. 2023 సెప్టెంబరులో మన దేశంలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటో2 పందెం గెలిచిన పెడ్రో అకోస్టా ఆ జట్టువాడే. అతని బండిలో ఇంజిన్ ట్రయంఫ్‌ది, ఫ్రేమ్ కాలెక్స్‌ది. ఆ ఏడాది టైటిల్ కూడా గెలిచిన ఆ కుర్రాణ్ని 2024లో కేటీఎం తన మోటోజీపీ బండి ఎక్కించింది.