రాత్రికొక మజిలీ

ఇషా నమాజు ముగిసి, దస్తర్‌ఖాన్ ఎత్తేసి, పిల్లలకు పక్కలు వేసే వేళకు మన ఇళ్ళలో ఒక కోరిక తప్పకుండా వినిపిస్తుంది. "అమ్మీ, కహానీ!" మూడేళ్ళ పిల్లవాడికి బొమ్మల పుస్తకం చాలు. పేజీకొక బొమ్మ, దాని కింద ఒక చిన్న వాక్యం. ఐదు నిమిషాల్లో పుస్తకమూ అయిపోతుంది, కళ్ళూ మూతపడతాయి. నాలుగు నిండి ఐదు నడుస్తున్నప్పుడే చిక్కు వస్తుంది. ఉన్న పుస్తకాలన్నీ వాడికి కంఠతా వచ్చేస్తాయి. తల్లి నిద్రమత్తులో ఒక్క మాట మింగేసినా పట్టుకుంటాడు. ఇక కాస్త పెద్ద కథ, అధ్యాయాలుగా సాగే కథ, రోజుకింత చొప్పున చదివే కథ మొదలుపెట్టాలి. అక్కడే చాలామంది తల్లులు వెనుకంజ వేస్తున్నారు.

2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన మా చోడవరం అంతకుముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెరకు పండే ప్రాంతం. ఇక్కడ మా వీధిలోని ఒక తల్లి ఈమధ్య ఇదే బాధ చెప్పుకుంది. "మౌల్వీ సాబ్, మావాడికి లావుపాటి కథల పుస్తకం కొన్నాను. రెండు పేజీలు చదివేసరికి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. సెల్‌ఫోన్ ఇస్తే మాత్రం లేచి కూర్చుంటాడు. వీడికి చదువు అబ్బదా?" అని అడిగింది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే అదే పొరపాటు మేమూ చేసి ఉన్నాము.

మా మనవడికి నాలుగున్నరేళ్ళు వచ్చినప్పుడు, బొమ్మలు చూసే వయసు దాటిందని మాకు మేమే తీర్పు చెప్పేసుకున్నాము. పిల్లి బొమ్మల పుస్తకం తీసి బీరువా మీద పెట్టేశాము. హజ్రత్ యూసుఫ్ (అలై) గాథను తెలుగులో చదవడం మొదలుపెట్టాము. మొదటి రాత్రి "బొమ్మ ఏదీ?" అన్నాడు. రెండో రాత్రి దిండు దారాలు పీకుతూ కూర్చున్నాడు. మూడో రాత్రి మేము గద్దించాము. నాలుగో రాత్రి వాడు మా పక్కలోకే రాలేదు, దాదీ దగ్గర చేరాడు. ఆమె పుస్తకం పట్టలేదు. దీపం కూడా వెయ్యలేదు. అదే గాథను ఇంట్లో మాట్లాడే ఉర్దూలో మెల్లగా చెప్పింది. మర్నాడు ఉదయం వాడు మా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, "దాదా, భాయియాఁ ఉనోకూ కువే మే డాల్ దియే!" అన్నాడు. మేము మూడు రాత్రులు చెప్పింది అదే. వాడికి అందింది మాత్రం నాలుగో రాత్రే.

ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్న మాకు ఈ సంగతి అప్పుడు గాని బోధపడలేదు. మన ఇళ్ళలో బొమ్మ కేవలం అలంకారం కాదు, అది దుబాసీ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగో ఇంగ్లీషో. పుస్తకంలో "గొడుగు" అని ఉంటే పిల్లవాడు బొమ్మ చూసి "ఛత్రీ" అనుకుంటాడు. మాట రాకపోయినా కథ నడిచిపోతుంది. వాడికి అంతా అర్థమవుతోందని మనమూ సంతోషపడతాము. బొమ్మ లేని పుస్తకం తెరిచిన రాత్రి ఆ దుబాసీ సెలవు తీసుకుంటాడు. "కరువు", "ధాన్యాగారం", "చెరసాల" అనే మాటలు గాలిలో నిలబడిపోతాయి. పిల్లవాడు గోడవైపు తిరిగేది చదువు అబ్బక కాదు. వాడికి తెలిసిన భాషలో ఎవరూ పలకడం లేదు కనుక.

అందువల్ల మేము ఆ తల్లికి చెప్పిన మొదటి మాట ఇది. ఈ రాత్రి చదవబోయే నాలుగు పేజీల సారాన్ని ముందు ఇంటి భాషలో నాలుగు మాటల్లో చెప్పెయ్యండి. తర్వాత తెలుగులో చదవండి. కథ ముందే తెలిసిపోతే మజా పోతుందని పెద్దలం అనుకుంటాము గాని, పిల్లలకు అలా ఉండదు. ఒకే పిల్లి కథను నలభైసార్లు విన్నవాడికి తెలిసిన కథే ఇష్టం. తెలిసిన కథలో కొత్త తెలుగు మాట వస్తే వాడే అతికించుకుంటాడు. ఉర్దూ లిపి రాని తల్లులు నేడు మనలో చాలామంది ఉన్నారు. అందుకు సిగ్గుపడనక్కరలేదు. దాదీ నోటిలో ఉర్దూ ఉంది, తల్లి చేతిలో తెలుగు పుస్తకం ఉంది. రెండూ ఒకే పక్కమీద కలిస్తే చాలు.

నిజానికి బొమ్మ లేని కథ మనకు కొత్త కాదు. ప్రవక్తల చిత్రాలు గీయడం మన సంప్రదాయంలో లేదు. ముస్లిం ఇంట పుట్టిన ప్రతి బిడ్డా హజ్రత్ నూహ్ (అలై) ఓడనూ, హజ్రత్ యూనుస్ (అలై) చేపనూ చెవితోనే చూస్తాడు. అందువల్ల బొమ్మల నుంచి మాటలకు దాటించడానికి ప్రవక్తల గాథలే మంచి వంతెన. అందులోనూ సూరా యూసుఫ్. దివ్య ఖుర్ఆన్‌లో పన్నెండో సూరా, 111 ఆయతులు. ఇతర ప్రవక్తల వృత్తాంతాలు చాలా సూరాలలో కొంచెం కొంచెంగా వస్తాయి. హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం ఒకేచోట మొదలై అక్కడే పూర్తవుతుంది. మొదలయ్యేది కూడా ఒక పిల్లవాడు తండ్రి దగ్గరకొచ్చి తన కల చెప్పుకోవడంతో. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు. ఐదేళ్ళవాడికి ఇంతకంటే దగ్గరి ఆరంభం ఏముంటుంది?

బొమ్మ లేకపోయినా చేతికి ఏదో ఒకటి ఉండాలి. ఆ గాథలో చొక్కా మూడుసార్లు వస్తుంది. అన్నలు దొంగ నెత్తురు పూసి తెచ్చిన చొక్కా ఒకటి, చిరిగిన చొక్కా ఒకటి, తండ్రికి తిరిగి చూపు తెచ్చిన చొక్కా ఒకటి. మా కోడలు ఆ రాత్రులలో పిల్లవాడి కుర్తానే వాడి ఒళ్ళో పెట్టేది. మా పెరటి నుయ్యి, చేద, తాడు పగలే చూపించాము. ఇంకేం బొమ్మ కావాలి? (చిరిగిన చొక్కా సందర్భాన్ని మాత్రం ఈ వయసులో విప్పనక్కరలేదు. "చెయ్యని తప్పు మోపి చెరలో పెట్టారు" అంటే వాడికి చాలినంత అర్థమవుతుంది.)

ఇక ఎక్కడ ఆపాలన్నది అన్నింటికంటే ముఖ్యం. దీనిమీద మాకు గట్టి అభిప్రాయం ఉంది. అల్ఫ్ లైలాలో షహర్‌జాద్ ప్రతి తెల్లవారుజామునా కథను ఉత్కంఠలో ఆపుతుంది. అది ఆమె ప్రాణావసరం. చందమామలోని ధారావాహికలు ఇంకా ఉందంటూ మనల్ని నెలంతా ఊరించేవి. అది పత్రిక అవసరం. ఐదేళ్ళ పిల్లవాడిని నిద్రపుచ్చే తల్లికి ఆ రెండు అవసరాలూ లేవు. హజ్రత్ యూసుఫ్ (అలై)ను నూతిలో వదిలి, దీపం ఆర్పి, "మిగతాది రేపు" అనకండి. ఆ రాత్రంతా వాడు కూడా నూతిలోనే ఉంటాడు. మా మనవడి విషయంలో ఒకసారి అలా జరిగింది. అర్ధరాత్రి లేచి ఏడ్చాడు. నూతి దగ్గరకు బిడారు వచ్చేదాకా, నీళ్ళు తోడేవాడు చేద దింపేదాకా, బాలుడు పైకి వచ్చేదాకా చదవండి. అప్పుడు ఆపండి. ఎక్కడికి తీసుకుపోతారో అన్న కుతూహలం మిగులుతుంది. భయం మిగలదు. నాలుగు పేజీలని లెక్క పెట్టుకున్నది ఆరయితే కానివ్వండి.

ఈ కిటుకు తెలిసినవారు తెలుగులోనూ ఉన్నారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలలో ఒక యతి తన వెంట వచ్చే గొల్లపిల్లవాడికి ఆగిన ప్రతి చోటా ఒక కథ చెబుతాడు. కథ వింటే గాని పిల్లవాడు నడవడు. ఆ మజిలీ అన్న మాట మన మంజిల్ నుంచి వచ్చిందే. బాటసారి మంజిల్ చేరి మూట దింపుకుంటాడు. దారి మధ్యలో పులి ఎదురైన చోట దింపుకోడు. పిల్లవాడి పక్క కూడా ఒక మజిలీయే అనుకుంటే, ఎక్కడ ఆపాలో తల్లికి తానే తెలుస్తుంది.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తర్వాత కబుర్లనూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇష్టపడేవారు కాదని హదీసు ఉంది గదా, మరి ఈ కథలేమిటని. హదీసు నిజమే, తలమీద పెట్టుకోవలసిందే. అయితే అదే సహీహ్ బుఖారీలో రాత్రివేళ విద్యా సంభాషణకు ఒక ప్రకరణం, ఇంటివారితోనూ అతిథితోనూ మాట్లాడటానికి మరో ప్రకరణం ప్రత్యేకంగా ఉన్నాయి. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చిన్నతనంలో ఒక రాత్రి తన ఖాలా అయిన హజ్రత్ మైమూనా (రజి) ఇంట పడుకున్నారు. ఆ రాత్రి దైవప్రవక్త (స) ఇంటివారితో కొంతసేపు ముచ్చటించి, ఆ తర్వాతే విశ్రమించారని ఆ బాలుడే పెద్దయ్యాక చెప్పారు. ఫజ్ర్ పోగొట్టే కాలక్షేపం వేరు, బిడ్డతో పావుగంట కథ వేరు. చెరకు పనుల రోజుల్లో తండ్రులు పొద్దుపోయి ఇల్లు చేరతారు. వారికి పిల్లల మొహం చూసి మాట్లాడే సమయం కూడా అదొక్కటే.

ఒక తండ్రి సంగతి చెబుతాము. ఢిల్లీ కళాశాలలో చదువుకున్న డిప్యూటీ నజీర్ అహ్మద్ సాహెబ్ తన పిల్లలు ఇష్టంగా చదివే ఉర్దూ పుస్తకం కోసం వెతికి, దొరక్క, తానే రాయడానికి కూర్చున్నారు. ఒక్కసారిగా పుస్తకం రాసి చేతికివ్వలేదు. కొన్ని పేజీలు రాసి ఇచ్చేవారు. అవి అయిపోగానే ఇంట్లో ఇంకా కావాలన్న గోల మొదలయ్యేది. మళ్ళీ కొన్ని పేజీలు. పెద్ద కూతురి కోసం అలా పెరిగిందే 1869లో అచ్చయిన మిర్అతుల్ ఉరూస్. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది. ఉర్దూ నవలకు దాన్నే తొలి అడుగుగా చెబుతారు. ఆయన తర్వాత హైదరాబాదు నిజాం కొలువులోనూ పనిచేశారు. అది నాలుగేళ్ళ పిల్లలకు చదివే పుస్తకం కాదు. కాని ఇంట్లో పిల్లలు అడిగినప్పుడల్లా కొంత కొంతగా అందిన కథ అది.

ఏ పుస్తకాలు తేవాలని అడిగేవారికి ఒక్క సలహా. బొమ్మ ఒక్కసారిగా మాయం కాకూడదు. మొదట పేజీకొక బొమ్మ, తర్వాత నాలుగు పేజీలకొకటి, తర్వాత అధ్యాయానికొకటి. చందమామ 1947 జూలైలో మొదలైంది. ఇప్పుడు రావడం లేదు గాని, పాత సంచికలు అటక మీద ఉంటే దింపండి. అందులోని బేతాళ కథలు మంచి సాధన. ప్రతి కథా తనకు తానుగా పూర్తవుతుంది, విక్రమార్కుడి నడక మాత్రం మిగిలే ఉంటుంది. శవం, శ్మశానం చూసి జడిసే పిల్లలకైతే వద్దు. ఐదు దాటినవారికి జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన తొత్తోచాన్ చదవవచ్చు. తెలుగులో రైలుబడి పేరుతో వచ్చింది. అధ్యాయాలు చిన్నవి. రైలుపెట్టెల్లో నడిచే బడి అంటేనే పిల్లలు లేచి కూర్చుంటారు. ఆ బడి పెద్దాయన కొత్తగా చేరిన పిల్ల చెప్పే కబుర్లు గంటల తరబడి విన్నాడు. అది చదివి మేము కాస్త తల దించుకున్నాము. చివర్లో మరణమూ యుద్ధమూ వస్తాయి. వాటిని పిల్లవాడు కాస్త ఎదిగాక చదవవచ్చు.

మాబోటి ఉపాధ్యాయులకు ఒక జబ్బు ఉంది. కథ ముగిసీ ముగియకముందే "దీనివల్ల నీకేం తెలిసింది?" అని అడుగుతాము. పక్కమీద కూడా సబఖ్ అప్పజెప్పమంటాము. కథ వినాలంటే పరీక్ష రాయాలని తెలిస్తే పిల్లవాడు రేపు రాడు. ఒక్క ప్రశ్న చాలు, అదీ చదవడానికి ముందు. "నిన్న ఎక్కడ ఆగాము?" అరబ్బీలో అధ్యాయాన్ని బాబ్ అంటారు, అంటే తలుపు. నిన్నటి తలుపు ఎక్కడుందో వాడినే వెతకనివ్వండి. తప్పు చెప్పినా సర్దుకోండి. మావాడు ఒకరోజు హజ్రత్ యూసుఫ్ (అలై)ను బిడారుతో పాటు చోడవరం సంతకు తెచ్చేశాడు. మేము దిద్దలేదు, "అక్కడి నుంచి మిస్ర్ వెళ్ళారు" అని సాగించాము.

పిల్లి బొమ్మల పుస్తకాన్ని మరుసటి వారమే బీరువా మీద నుంచి దింపాము. పెద్ద కథ మొదలైందని చిన్న పుస్తకాన్ని దాచనక్కరలేదు. అలసిన రాత్రి, జ్వరం వచ్చిన రాత్రి వాడికి అదే కావాలి. హజ్రత్ యూసుఫ్ (అలై) గాథ పూర్తి కావడానికి మాకు పందొమ్మిది రాత్రులు పట్టింది. ఇప్పుడు వాడికి ఐదు నిండాయి. రాత్రి మా పెద్ద కథ మొదలవడానికి ముందు, రెండేళ్ళ చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పిల్లి పుస్తకం తిప్పుతున్నాడు. తెలుగు వాక్యం ఉన్నచోట వేలు పెట్టి, ఉర్దూలో చెబుతున్నాడు.