తాయ్‌చీ పతకానికా, ఒంటికా?

తెల్లవారుజామున చైనా నగరాల్లో ఏ పార్కుకు వెళ్ళినా పెద్ద వయసు ఆడవారు, మగవారు బారులు తీరి నిలబడి నెమ్మదిగా చేతులు కదుపుతూ కనిపిస్తారు. ఒక కాలి మీది బరువును రెండో కాలి మీదికి ఎంత నిదానంగా మారుస్తారంటే, చూసేవారికి వాళ్ళు నీళ్ళలో నడుస్తున్నారా అనిపిస్తుంది. అదే తాయ్‌చీ. నిజానికి ఇది యుద్ధవిద్య. 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబీకుల గ్రామంలో పుట్టిందంటారు.

ఇలాంటి విద్యను అంతర్జాతీయ పోటీ క్రీడగా మార్చవచ్చునా? కొంతవరకు మార్చేశారు కూడా! చైనా యుద్ధవిద్యలన్నిటికీ కలిపి వుషూ అని పేరు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో వుషూకు చోటు దొరికింది. 1991లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. డాకర్‌లో 2026లో జరిపే యువజన ఒలింపిక్స్‌లో దాన్ని చేర్చాలని 2020లో నిర్ణయించారు.

"పోటీలతో మాకేం పని?" అంటారేమో. పని ఉంది. తెరమీద చూసిన దాన్నే ఇంట్లో అనుకరిస్తాం కదా!

ముందు మంచి చెప్పుకుందాం. పోటీ ఉంటే పిల్లలు నేర్చుకోవడానికి ముందుకొస్తారు. శిక్షకులు తయారవుతారు. ఏ దేశంలో నేర్చుకున్నా పద్ధతి ఒకటే అవుతుంది. జూడో 1964లో టోక్యో ఒలింపిక్స్ ద్వారానే ఒలింపిక్ క్రీడ అయింది. కాబట్టి పోటీలు వద్దేవద్దని కొట్టిపారేయలేము.

ఇక రెండోవైపు. పోటీలో న్యాయనిర్ణేతకు కంటికి కనిపించేదే లెక్క. అంతర్జాతీయ పోటీల్లో పది మార్కులకు రెండు మార్కులు కష్టమైన విన్యాసాలకే కేటాయించారు. అందుకోసం గాలిలోకి ఎగిరి, తిరిగి, ఒంటికాలి మీద దిగుతారు. ఇరవై ఏళ్ళ క్రీడాకారుడికి అది చెల్లుతుంది. అరవై ఏళ్ళ మోకాలికి చెల్లుతుందా? బరువు మోపిన మోకాలిని మెలితిప్పితే లోపలి మెత్తటి ఎముక దెబ్బతింటుంది.

మీకు కావలసిన మేలు ఆ ఎగురుళ్ళలో లేదు. అమెరికాలో 195 మంది పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులపై జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. వారానికి రెండుసార్లు, గంటసేపు చొప్పున, 24 వారాలు తాయ్‌చీ చేసినవారికి నిలకడ మెరుగైంది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికన్నా వీరు తక్కువసార్లు పడిపోయారు. మోకాళ్ళ అరుగుదల ఉన్న 204 మందిపై జరిపిన మరో పరిశీలన 2016లో వచ్చింది. ఫిజియోథెరపీతో తగ్గినంత నొప్పి తాయ్‌చీతోనూ తగ్గింది. పెద్దవయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే ఇల్లంతా ఎంత తల్లడిల్లుతుందో మీకు తెలియనిది కాదు. పడకుండా ఉండడమే మన పతకం!

కాబట్టి నా మాట ఇది: పోటీలు పడుచువాళ్ళకు ఉండనివ్వండి, ఇంటి సాధనకు మాత్రం వాటిని కొలబద్దగా పెట్టుకోకండి. 1956లో చైనాలో సామాన్య ప్రజల కోసం 24 కదలికలతో ఒక సులభ పద్ధతిని రూపొందించారు. మొదలుపెట్టేవారికి అది చాలు. మన యోగాసనాలకూ ఈ మాట వర్తిస్తుంది. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వాటిని పోటీ క్రీడగా గుర్తించింది. అంతమాత్రాన అమ్మమ్మగారు శీర్షాసనం వేయనక్కరలేదు గదా!

సాధన చేయదలిస్తే ఇవి గుర్తుంచుకోండి:

తెలిసిన శిక్షకుని దగ్గరే నేర్చుకోండి. మొదట్లో రోజూ పది నిమిషాలు చాలు. మోకాళ్ళను కొద్దిగానే వంచండి. మోకాలు, పాదం ఒకే దిక్కుకు ఉండాలి. తిరగవలసి వచ్చినప్పుడు ముందు ఆ కాలిమీది బరువు తగ్గించి, తర్వాత పాదం తిప్పండి. తడినేల మీద చేయవద్దు. తూలుతుందనుకునేవారు పక్కన బరువైన కుర్చీ ఉంచుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. కళ్ళు తిరిగేవారు, గుండెజబ్బు ఉన్నవారు, ఈ మధ్య ఎముక విరిగినవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి. వాడుతున్న మందులు మాత్రం మానకూడదు.

చేస్తుండగా మోకాలు నొప్పి పెడితే వెంటనే ఆపండి. మీకు మార్కులు వేసేవారెవరూ లేరు. రేపు ఉదయం మళ్ళీ హాయిగా లేచి నిలబడగలిగితే, గెలిచినట్టే.