మహాపురుషుల మనోలోకము

1505వ సంవత్సరము జూలై నెలలో ఒకనాడు 21 ఏండ్ల యువకుడొకడు జర్మనీదేశములోని ఎర్‌ఫుర్ట్ పట్టణమునకు తిరిగి వచ్చుచు, త్రోవలో గాలివానలో చిక్కుకొనెను. అతని దాపుననే పిడుగు పడెను. ప్రాణభీతిచే అతడు పునీత ఆన్నాను వేడుకొని, బ్రతికి బయటపడినచో సన్యసింతునని మ్రొక్కుకొనెను. పదునైదు దినములు గడచునంతలో న్యాయశాస్త్ర గ్రంథములను విడిచిపెట్టి మఠమున చేరెను. అతని తండ్రి గనులలో శ్రమించి పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి వంశమునకు పేరు తేవలెనని ధనము వెచ్చించి చదివించుచుండెను. ఈ వార్త విని ఆయన మిక్కిలి కోపించెను. ఆ యువకుడే మార్టిన్ లూథర్. 1517లో పాపక్షమాపణ పత్రముల విక్రయమును ఖండించుచు 95 వాదములను ప్రకటించి, ఐరోపా మతచరిత్రనే మార్చినవాడు.

ఒక్క పిడుగు మనుష్యుని సన్యాసిని చేయగలదా? లేక, పిడుగు పడకముందే అతని మనస్సులో తుఫాను చెలరేగుచుండెనా? ఇట్టి ప్రశ్నలను వేసి, మహాపురుషుల చేతలకు మూలమును వారి మనస్సులో వెదకు గ్రంథములు కొన్ని కలవు. వానిని మనోవైజ్ఞానిక జీవితచరిత్రలు అందురు. సామాన్య జీవితచరిత్ర ఒక వ్యక్తి ఎప్పుడు ఏమి చేసెనో చెప్పును. ఈ గ్రంథములు ఏల చేసెనో చెప్ప యత్నించును. బాల్యమునందలి భయములు, తల్లిదండ్రులతోడి అనుబంధము, యౌవనమునందలి సందేహములు వీనికి ముఖ్యసామగ్రి.

ఈ మార్గమున మొదట నడచినవారిలో ప్రసిద్ధుడు వియన్నా నగరమునందలి వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన 1910లో ఇటలీదేశపు చిత్రకారుడగు లియొనార్డో డావిన్చీని గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. తాను ఊయెలలో నుండగా ఒక పక్షి దిగివచ్చి తోకతో తన పెదవులపై కొట్టినట్లు జ్ఞాపకమున్నదని లియొనార్డో వ్రాసికొనెను. ఫ్రాయిడ్ చదివిన జర్మను అనువాదములో ఆ పక్షి రాబందు అని యుండెను. ప్రాచీన ఈజిప్టువాసులు ‘తల్లి’ అను మాటను వ్రాయుటకు రాబందు బొమ్మను వాడుచుండిరి. దీనిని ఆధారము చేసికొని, లియొనార్డో శైశవమున తండ్రికి దూరముగా తల్లియొద్దనే పెరిగెననియు, ఆ ప్రేమయే ఆయన కళకు మూలమైనదనియు ఫ్రాయిడ్ ఊహించెను.

కాని లియొనార్డో వ్రాసినది రాబందు కాదు, గద్ద! ఇటాలియను భాషలో ‘నిబ్బియో’ అనగా గద్ద. ఆయన పక్షులు ఎగురు విధమును పరిశీలించుచు, గద్దను గూర్చి తాను ఇంతగా వ్రాయుటకు కారణమేమో యని తలపోయుచు ఆ ముచ్చటను వ్రాసెను. అనువాదకుని పొరపాటు వలన ఒక పక్షి మరియొక పక్షి యయ్యెను. దానితో రాబందుపై నిలిపిన వాదమంతయు కూలిపోయెను. ఎంతటి మేధావికైనను మూలమును సరిచూచుకొనక తప్పదని ఈ కథ తెలుపుచున్నది.

ఇంతమాత్రముచే ఆ మార్గమే వ్యర్థమనరాదు. 1902లో జర్మనీలో జన్మించి, తరువాత అమెరికాలో స్థిరపడిన ఎరిక్ ఎరిక్సన్ దీనిని మరింత జాగ్రత్తతో అనుసరించెను. ఆయన తన కన్నతండ్రిని ఎన్నడును ఎరుగడు. మారుతండ్రి యింట పెరిగెను. ‘నేనెవడను? ఏమి కావలెను?’ అను ప్రశ్న యౌవనమున ప్రతి వ్యక్తిని పీడించునని ఆయన గుర్తించెను. దానిని ఆత్మనిర్ణయ సంకటమనవచ్చును. 1958లో ప్రకటించిన గ్రంథమున ఆయన లూథరును ఈ దృష్టితోనే పరిశీలించెను. తండ్రి ఆజ్ఞకును తన అంతరాత్మకును నడుమ నలిగిన యువకుడే, పిమ్మట మతాధిపతి ఆజ్ఞకును అంతరాత్మకును నడుమ నిలువవలసి వచ్చెనని ఆయన వాదము.

ఎరిక్సన్ మన దేశమునకును వచ్చెను. 1962లో అహమ్మదాబాదు నగరమున ఉన్నప్పుడు, 1918లో అచ్చట జరిగిన మిల్లు కార్మికుల సమ్మె ఆయన దృష్టి నాకర్షించెను. కార్మికులు 35 శాతము వేతనము పెంచవలెననిరి. యజమానులు 20 శాతమునకు మించి ఈయమనిరి. యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. సబర్మతీతీరమున తుమ్మచెట్టు క్రింద గాంధీజీ ప్రతిదినము కార్మికులకు ధైర్యము చెప్పుచుండెను. ఆకలిచే వారి పట్టుదల సడలుచుండగా, ఆయన తానును ఆహారము మానెను. మూడు దినములలో రాజీ కుదిరెను. తరువాత మధ్యవర్తి 35 శాతమే న్యాయమని తీర్పు చెప్పెను.

ఆ సంఘటనలో పాల్గొన్నవారిని కలిసికొని, వారు చెప్పినది విని, ఎరిక్సన్ 1969లో గాంధీజీని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మరుసటి యేట దానికి పులిట్జర్ బహుమానము లభించెను. అందు ఒక విశేషము కలదు. గ్రంథమధ్యమున ఆయన గాంధీజీనే సంబోధించుచు ఒక లేఖ వ్రాసెను. ప్రత్యర్థులయెడ అంతటి అహింసను పాటించిన మీరు, కస్తూరిబాయెడను, ఆశ్రమవాసులయెడను కొన్ని వేళల ఏల కఠినముగా వర్తించితిరని అందు నిర్మొగమాటముగా ప్రశ్నించెను. ఆయన గౌరవము విడువలేదు. గౌరవము కొరకు సత్యమునూ విడువలేదు. తన తప్పులను ఆత్మకథలో తానే వ్రాసికొన్న మహాత్మునికి ఇంతకంటె తగిన పూజ వేరొకటి కలదా?

అయినను ఈ గ్రంథములను చదువునప్పుడు మనము మెలకువతో ఉండవలెను. గతించినవారు మన ప్రశ్నలకు బదులు చెప్పలేరు. ఒక కాయ కొరకు తల్లి తనను నెత్తురు వచ్చునట్లు కొట్టెనని లూథర్ చెప్పినట్లు మనకు తెలియును. కాని అది ఆయన పెద్దవాడైన పిమ్మట భోజనసమయమున చెప్పగా ఇతరులు వ్రాసికొన్న మాట. ఆయనను గూర్చిన మరికొన్ని కథలు ఆయన శత్రువులు ప్రచారము చేసినవి. అంతేకాదు, కఠినులైన తల్లిదండ్రులు ఎందరికో ఉందురు, లూథర్ ఒక్కడే పుట్టెను. కావున బాల్యము ఒక్కటియే సమస్తమునకు కారణము కానేరదు. అచ్చుయంత్రము లేకున్నచో ఆయన వాదములు అంత త్వరగా దేశమంతట వ్యాపించెడివి కావు. మనస్సు విత్తనమైనచో కాలము నేల.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. మనుష్యుని మనస్సు అట్టిది కాదు. ఒక్క మాటను, ఒక్క చేతను పట్టుకొని ఎదుటివాని స్వభావమును నిర్ణయించుట మనకు నిత్యము అలవాటు. పాఠము అప్పగింపలేని సహపాఠిని మందమతి యందుము. మాటలాడని వానిని గర్వి యందుము. వాని ఇంట ఆ రాత్రి ఏమి జరిగెనో మనకు తెలియదు. విద్యార్థులారా! ఇతరుల హృదయమును గూర్చి తీర్పు చెప్పబోవునప్పుడు, మీరు చూచినది గద్దయో రాబందో మరియొక మారు సరిచూచుకొనుడు.